మాట కర్రల షావుకారు

"ఈ క్షణం నుంచి మన జిల్లా బడుల్లో శిక్ష అన్నదే లేదు" అని జిల్లా విద్యాధికారి గారు మైకులో ప్రకటించారు. మధ్యలో మైకు కీచుమంది. ఆయన మైకు మనిషి వైపు తిరిగి, "దిగాక నీ పని చెప్తా" అని మెల్లగా అన్నారు. ఆ ముక్క మాత్రం హాలంతా స్పష్టంగా వినిపించింది.

చప్పట్లు మోగాయి. రెండో వరసలో కూర్చున్న స్కూలు సామాన్ల షావుకారు అందరికంటే గట్టిగా కొట్టాడు. కొడుతూనే లోపల కూడికలూ తీసివేతలూ వేసుకుంటున్నాడు. సుద్దముక్కలు, డస్టర్లు, గంటలు, జామెట్రీ బాక్సులు ఆయన సరుకు. వాటితోపాటు బెత్తాలు. సెలవులైపోయి బళ్ళు తెరిచే రోజులని, గోడౌనులో బెత్తాలు కట్టలు కట్టలుగా అప్పుడే దించుకున్నాడు. శిక్ష పోయిందంటే ఆ కట్టలు పోయినట్టే. తనకొచ్చిన నష్టానికి ఇంత మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టిన వ్యాపారి ఆ హాల్లో ఇంకొకడు లేడు.

"దీన్ని పునరుద్ధరణ విధానం అంటారు. రెస్టోరేటివ్ ప్రాక్టీసెస్" అన్నారు అధికారి గారు. "తప్పు చేసినవాళ్ళు, నష్టపోయినవాళ్ళు, టీచర్లు, తల్లిదండ్రులు అందరూ గుండ్రంగా కూర్చుంటారు. మూడే ప్రశ్నలు. ఏం జరిగింది? ఎవరికి నష్టం కలిగింది? ఆ నష్టం ఎలా పూడ్చాలి?"

షావుకారు నిటారుగా కూర్చున్నాడు. లారీలో పలకలు పగిలి వచ్చిన ప్రతిసారీ ఆయన డ్రైవరుని అడిగేవి ఈ మూడు ప్రశ్నలే. ఇన్నాళ్ళూ తను చేస్తున్నది బేరం అనుకున్నాడు. కాదట, విద్యావిధానమట.

"వలయంలో ఒక వస్తువు తిరుగుతుంది" అన్నారు అధికారి గారు. "అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు మాట్లాడాలి. మిగతావాళ్ళు వినాలి. అయ్యాక పక్కవాళ్ళకి అందించాలి."

"ఏ వస్తువు సార్?" అని ఓ హెడ్ మాస్టరు అడిగాడు.

"ఏదైనా సరే."

ఏదైనా సరే అన్న మాట మామూలు మనిషి చెవికి మామూలుగానే వినిపిస్తుంది. వ్యాపారి చెవికి మాత్రం టెండరు పిలిచినట్టుంటుంది.

ఆ సాయంత్రం షావుకారు గోడౌను ముందు రంపం పట్టుకుని కూర్చున్నాడు. ఇల్లు కొట్టు పైనే. భార్య మెట్లు దిగి వచ్చి చూసింది.

"ఏవండీ, బెత్తాలన్నీ అలా ముక్కలు చేస్తున్నారేంటి? పొయ్యిలోకా?"

"ఇవి బెత్తాలని ఎవరన్నారు? మాట కర్రలు. జానెడు ముక్క కోసి, రెండు కొసలూ గీకి, పాలిష్ కొట్టి, ఎర్ర రిబ్బను కడితే ఇది చేతిలో ఉన్నవాళ్ళే మాట్లాడతారు."

"పాలిష్ కొట్టకముందూ అంతేగా. ఇది చేతిలో ఉన్నవాళ్ళే మాట్లాడేవాళ్ళు."

పదో తరగతి చదువుతున్న కూతురు, ఇంట్లో అందరూ అమ్మడు అని పిలిచే పిల్ల, బళ్ళో పంచిన కాగితం చదువుతూ మెట్టు మీద కూర్చుంది. "కర్రే కానక్కర్లేదట నాన్నా. రాయైనా, బంతైనా, ఆఖరికి చెంచా అయినా సరేనట."

"రాళ్ళు ఎవడు కొంటాడే? ఊరంతా ఊరికే పడున్నాయి."

అమ్మడు నవ్వి, పాలిష్ ఇంకా ఆరని ఓ ముక్క తీసుకుని పైకి వెళ్ళిపోయింది. రాత్రి భోజనాల దగ్గర దాన్ని కంచం పక్కన పెట్టుకుంది. షావుకారు సరుకు సంగతి ఎత్తబోయాడు. "నాన్నా, కర్ర నా దగ్గరుంది" అంది. సరే, సరుకు మన్నిక పరీక్షించినట్టూ ఉంటుందని ఆయన ఊరుకున్నాడు. ఊరుకుంటే అమ్మడు మాట్లాడింది. లెక్కలంటే భయమని చెప్పింది. స్నేహితురాలు బెంచి మారిందని చెప్పింది. "నేను ఏదైనా చెప్తుంటే నువ్వు మధ్యలో రేటు అడుగుతావు నాన్నా" అని కూడా చెప్పింది. ఆ తర్వాత కర్ర తల్లి చేతికిచ్చింది. ఆవిడ కర్ర పట్టుకుని చాలాసేపు మాట్లాడింది. ఆ మాటలు ఇక్కడ అప్రస్తుతం. షావుకారు వంతు వచ్చేసరికి అన్నం చల్లారిపోయింది. అయినా చాలాకాలం తర్వాత ఆ ఇంట్లో ముగ్గురూ ఒకేసారి కంచాల ముందునుంచి లేచారు.

రోజూ అదే వరస. బాగానే ఉంది అనుకున్నాడు షావుకారు. సరుకు పనిచేస్తోంది. సరుకు పనిచేస్తుందని అమ్మేవాడికి నమ్మకం కుదరడం వ్యాపారంలో అరుదు.

అధికారి గారు శాంపిలు చూసి ముచ్చటపడ్డారు. జిల్లాలో ప్రతి బడికీ మాట కర్రలు పంపమన్నారు. ఆఖరి కట్ట కడుతుంటే ఒక కర్ర తక్కువైంది. ఒక్కటి తక్కువైనా సరుకు వెనక్కి పంపడం ఆఫీసు పద్ధతి. షావుకారు ఇంట్లోకి వెళ్ళి, అన్నాల బల్ల మీదున్న కర్రని తుడిచి, కొత్త రిబ్బను కట్టి, కట్టలో పెట్టేశాడు.

సాయంత్రం అమ్మడు బల్ల కింద వెతికింది. "నా కర్రేది?"

"రేపు ఇంకోటి కోసిస్తాలే తల్లీ."

రేపు వేరే ఆర్డరు వచ్చింది.

ఎందుకంటే విధానం దూసుకుపోతోంది. దాని గొప్పతనం చెప్పుకోవాలంటే ముందుగా పొడవు సంగతి చెప్పాలి. జానెడు కర్ర ఫోటోలో కనబడటం లేదని అధికారి గారు కనిపెట్టారు. పై ఆఫీసుకి ఫోటోలు పంపాలి. "మూరెడు చేయండి షావుకారు గారూ" అన్నారు. మూరెడు చేశాడు. వలయం పెద్దదైతే మూరెడు కర్ర చేతినుంచి చేతికి అందడం లేదన్నారు. "గజం అయితే కూర్చున్నచోటునుంచే అందించొచ్చు కదా." కోయని బెత్తం సరిగ్గా గజమే. షావుకారు రంపం తీసి అటక మీద పెట్టేశాడు. కొత్త కట్టలు తెప్పించి, రిబ్బను మాత్రం కట్టి, యథాతథంగా పంపించాడు. పిడి దగ్గర పట్టు జారుతోందని మళ్ళీ కబురొచ్చింది. పాత బెత్తాలకి చుట్టే నల్ల టేపు గోడౌన్లో ఉండనే ఉంది.

రెండో గొప్పతనం భద్రత. మాట కర్ర ప్రభుత్వ ఆస్తి కాబట్టి హెడ్ మేడం గారి బీరువాలో తాళం వేసి ఉంచాలి. పిల్లలు నోరు విప్పాలంటే కర్ర ఉండాలి, కర్ర రావాలంటే బీరువా తెరవాలి, బీరువా తెరవాలంటే మేడం గారు మీటింగు నుంచి రావాలి. ఆవిడ మీటింగులో ఉన్నది ఈ విధానం గురించే.

అమ్మడు చదివే బడికి రిబ్బన్లు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు షావుకారు కళ్ళారా చూశాడు. ఎవరో తండ్రి వరండాలో నిలబడి, "మా పిల్లాడి చెయ్యి వాచిందమ్మా, అడగడానికొచ్చాను" అంటున్నాడు.

"అడగండి, తప్పకుండా అడగండి" అంది హెడ్ మేడం ఎంతో ఆప్యాయంగా. "కర్ర ఇష్యూ కాగానే మీ మాటే మొదట వింటాం."

"ఎప్పుడవుతుందమ్మా?"

"ఇప్పుడు మీరు మాట్లాడుతున్నారు కదా, ఇది కూడా రూలు ప్రకారం మాట్లాడకూడదు. మీరని చూసీ చూడనట్టు ఊరుకుంటున్నాను."

ఆ మనిషి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఇంత నెమ్మదిగా గొడవ సద్దుమణగడం షావుకారు తన కొట్టులో కూడా ఎన్నడూ చూడలేదు. ఇలాంటి కర్ర ఒకటి గల్లాపెట్టె పక్కన ఉంచుకుంటే, సరుకు వాపసు తెచ్చేవాళ్ళతో ఎంత సుఖం అనుకున్నాడు.

అన్నట్టు, ఆ రోజుల్లోనే ఒకావిడ కొట్టుకొచ్చింది. "మా అబ్బాయి ఇంట్లో ఎవరితోనూ మాట్లాడటం లేదండీ. ఆ మాట కర్ర ఏదో ఒకటివ్వండి, ప్రయత్నం చేస్తాను" అంది.

"విడిగా అమ్మమండీ" అన్నాడు షావుకారు, తల ఎత్తకుండా.

మూడో గొప్పతనం టార్గెట్లు. ప్రతి బడీ నెలనెలా ఇన్ని వలయాలు జరిపి చూపించాలి. తగువుల్లేని బడికి మెమో వస్తుంది. పిల్లలు సర్దుకుపోయే బళ్ళలో టీచర్లకి నిద్ర కరువైంది. పేచీకోరు పిల్లలకి గిరాకీ పెరిగింది. ఒక బడివాళ్ళు పక్క బడినుంచి ఇద్దరు ముష్టియుద్ధ వీరుల్ని ఒక పూట అరువు తెచ్చుకున్నారని వినికిడి.

ఇలా అంతా సవ్యంగా సాగుతుండగా, పై ఆఫీసునుంచి పెద్దాయన ఒకరు విధానాన్ని కళ్ళారా చూడటానికి వచ్చారు. అధికారి గారు అమ్మడు చదివే బడినే ఎంచుకున్నారు. పదో తరగతి గదిలో కుర్చీలు గుండ్రంగా వేశారు. సప్లయిదారు హోదాలో షావుకారు కిటికీ దగ్గర నిలబడ్డాడు.

ఇద్దరు అబ్బాయిలు మధ్యకొచ్చారు. ఒకడు రెండోవాడి జామెట్రీ బాక్సు పగలగొట్టాడు. పగిలిన బాక్సు బల్ల మీద ఉంది. అది షావుకారు కొట్టు సరుకే. రిహార్సల్స్‌లో కూడా పగలగొట్టారు కాబట్టి ఆ వారం బాక్సులు బాగానే కదిలాయి. మొదటివాడు కర్ర పట్టుకుని పశ్చాత్తాపపడ్డాడు. రెండోవాడు కర్ర పట్టుకుని క్షమించాడు. పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఇంకెవరైనా ఏమైనా చెప్తారా?" అని అడిగారాయన, గది అంతా చూస్తూ.

అది మాట వరసకి అడిగింది. గదిలో అందరికీ ఆ సంగతి తెలుసు. అమ్మడు మాత్రం లేచి నిలబడింది.

"సార్, వాళ్ళిద్దరూ కొట్టుకోలేదు. రోజూ ఒకే సైకిల్ మీద వస్తారు. బాక్సు నిన్న మేడం గారు పగలగొట్టించారు. నిజంగా గొడవపడినవాళ్ళు వెనకాల గదిలో ఉన్నారు, మీరొస్తున్నారని కూర్చోబెట్టారు."

పెద్దాయన కళ్ళద్దాలు పెట్టుకున్నారు. అధికారి గారు చిరునవ్వు చెదరనివ్వకుండా అమ్మడి చేతుల వైపు చూశారు. రెండు చేతులూ ఖాళీ.

"కర్ర లేకుండా మాట్లాడింది" అన్నారాయన చాలా బాధగా.

మర్నాడు షావుకారుకి కబురొచ్చింది. ఆఫీసులో అధికారి గారు టీ తెప్పించారు. "భయపడకండి. శిక్ష అన్నదే లేదని నేనే ప్రకటించాను కదా. మీ అమ్మాయి కోసం ఒక వలయం వేస్తున్నాం. అందరూ తమ బాధ చెప్పుకుంటారు. చివర్లో అమ్మాయికి ఇంకోచోట వికసించే అవకాశం ఇస్తాం."

"ఇంకోచోట అంటే సార్?"

"టీసీ."

"పరీక్షల ముందు టీసీ ఇస్తే ఏ బడీ చేర్చుకోదు సార్. పిల్లకి ఏడాది పోతుంది."

"అదీ మీ బాధే. వలయంలో చెప్పండి. మీ వంతు మీకొస్తుంది. తండ్రి గట్టిగా అడిగితే నేను కూడా మెత్తబడాల్సిందే, రూలు అలా ఉంది." ఆయన టీ కప్పు పక్కన పెట్టి, గొంతు తగ్గించారు. "పక్క జిల్లాలవాళ్ళు కూడా మన కర్రలు అడుగుతున్నారు. అది తర్వాత మాట్లాడుకుందాం."

ఇంటికొచ్చి షావుకారు అంతా చెప్పాడు, పక్క జిల్లాల సంగతి తప్ప.

"మీకు నోరుంది" అంది భార్య. "పగిలిన పలక కూడా కొనిపించే నోరు. రేపు ఆ నోరు దానికోసం తెరవండి. నేనింకేం అడగను."

"తెరుస్తాను. రాసుకుని మరీ వెళ్తాను."

అమ్మడు అన్నం కలుపుతూ అంది, "నేను చెప్పింది అబద్ధం కాదని చెప్తే చాలు నాన్నా. మిగతాది వాళ్ళిష్టం."

షావుకారు మేడ మీద పచార్లు చేస్తూ మాటలు కూర్చుకున్నాడు. మొదట మర్యాద, తర్వాత నిజం, చివర్లో బతిమాలడం. బేరంలో ఎక్కడ తగ్గాలో ఎక్కడ బిగించాలో ఆయనకి తెలుసు. పిల్ల నిజం చెప్పింది, నిజం చెప్పినందుకు టీసీ ఇస్తే మీ విధానానికే నష్టం అని ఒక వాక్యం కుదిరింది. అది తలుచుకుంటే ఆయనకే ఒళ్ళు పులకరించింది.

వలయం హెడ్ మేడం గదిలో వేశారు. అధికారి గారు, హెడ్ మేడం, ఇద్దరు టీచర్లు, షావుకారు, ఆయన పక్కన అమ్మడు. గజం పొడవు మాట కర్ర అధికారి గారి చేతిలో మొదలైంది.

"ఈ పాప మాటల వల్ల జిల్లా పరువుకి నష్టం కలిగింది" అని చెప్పి, ఆయన కర్ర అందించారు.

"నేను ఆ రోజంతా అన్నం తినలేదు" అంది హెడ్ మేడం.

ఒక టీచరు తనకి తలనొప్పి వచ్చిందన్నాడు. ఇంకో టీచరు, తలనొప్పి వచ్చిన టీచరు క్లాసు కూడా తనే తీసుకోవలసి వచ్చిందన్నాడు. నష్టాలు ఇలా ఒక్కొక్కటీ తేలుతుంటే అమ్మడు ఒళ్ళో చేతులు పెట్టుకుని, రూలు ప్రకారం, వింటోంది.

కర్ర షావుకారు చేతికొచ్చింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. మొదటి వాక్యం నాలుక చివరికి వచ్చింది. అంతలో బొటనవేలు, అలవాటు కొద్దీ, కర్ర మీద ఇటునుంచి అటు ఒకసారి నడిచింది. ఆగింది. వెనక్కి నడిచింది. ఆయన కర్రని వెలుగులోకి తిప్పాడు. కొసని గోటితో గీకాడు. రిబ్బను ముడి చూశాడు. తను వేసేది జారుముడి. ఇది వేరే ముడి.

"ఇది మా సరుకు కాదే" అన్నాడు.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. కర్ర ఆయన దగ్గరుంది కాబట్టి మాట్లాడకూడదు కూడా.

"ఇది కర్రా అసలు? పచ్చి వెదురు. పాలిష్ చూడండి, చేతికంటుకుంటోంది. రెండు వానలకి పురుగు పడుతుంది. నేను ఇన్నేళ్ళనుంచి ఈ జిల్లాకి సరుకిస్తున్నాను, ఎవరైనా వేలెత్తి చూపించారా? జానెడు అంటే జానెడు కోశాను. మూరెడంటే మూరెడు. గజమంటే గజం. ఇంట్లో ఉన్న ఒక్కటీ కూడా తెచ్చి ఇచ్చాను. నాకు తెలియకుండా, నాకు మాట కూడా చెప్పకుండా, ఎవరి దగ్గర కొన్నారండీ దీన్ని?"

అంత బాధగా ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. హెడ్ మేడం కళ్ళు చెమర్చాయి.

అధికారి గారు చెయ్యి చాచారు. షావుకారు పక్కనున్న అమ్మడి ముందునుంచే కర్రని ఆయనకి అందించాడు. గజం కర్ర కదా, సులువుగా అందింది.

"మా బావమరిది కొత్తగా కొట్టు పెట్టాడు" అన్నారు అధికారి గారు నిజాయితీగా. "ఎవరికి నష్టం కలిగింది? షావుకారు గారికి. ఎలా పూడ్చాలి? పక్క జిల్లాల ఆర్డరు చెరి సగం. షావుకారు గారూ, సమ్మతమేనా? తల ఊపితే చాలు, కర్ర అక్కర్లేదు."

షావుకారు తల ఊపాడు.

గంట కొట్టారు. ఇంత త్వరగా, ఇంత సంతృప్తిగా ముగిసిన వలయం జిల్లాలో ఇదే మొదటిదని అధికారి గారు అన్నారు. అందరూ లేచి నిలబడి ఫోటో దిగారు. తరవాత హెడ్ మేడం బీరువా తెరిచి, కర్ర లోపల పెట్టి, అదే అరలోంచి ముందే సంతకం చేసి ఉన్న టీసీ తీసి అమ్మడి చేతికిచ్చింది.

దారిలో అమ్మడు నాలుగడుగులు ముందు నడిచింది. షావుకారుకి ఆ వాక్యం అప్పుడు గుర్తొచ్చింది. పిల్ల నిజం చెప్పింది, నిజం చెప్పినందుకు. ఎంత బాగా కుదిరిందో అనుకున్నాడు.

ఇంటికెళ్ళేసరికి భార్య గుమ్మంలో ఉంది. అమ్మడి చేతిలో కాగితం చూసింది. షావుకారు మొహం చూసింది. లోపలికి వెళ్ళిపోయింది. అమ్మడు టీసీని అన్నాల బల్ల మీద పెట్టి, ఎగిరిపోకుండా మంచినీళ్ళ జగ్గు దాని మీద ఉంచి, కుర్చీలో కూర్చుంది.

"అమ్మడూ" అన్నాడు షావుకారు.

అమ్మడు తలెత్తి ఆయన మొహం వైపు చూడలేదు. ఆయన చేతుల వైపు చూసింది. ఆయన కూడా చూసుకున్నాడు. రెండు చేతులూ ఖాళీ.

"అమ్మడూ, చెప్పేది విను తల్లీ."

ఆ పిల్ల ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది.

షావుకారు గబగబా మెట్లు దిగి కొట్టు తెరిచాడు. అరలన్నీ వెతికాడు. గోడౌనులో గోనెపట్టాలు ఎత్తి చూశాడు. రంపపు పొట్టు, ఎర్ర రిబ్బను కండె, నల్ల టేపు ఉన్నాయి. కర్రలు లేవు. ఒక్క ముక్క కూడా మిగల్చకుండా సరుకు తీసేశానని మొన్ననే ఆయన నలుగురిలో చెప్పుకున్నాడు.

చెప్పులు వేసుకుని వీధి చివరికి నడిచాడు. అధికారి గారి బావమరిది కొట్టు కొత్త రంగు వాసన వేస్తోంది. లోపల కర్రలు కట్టలు కట్టలుగా, ఆరని పాలిష్‌తో, గోడకి ఆనించి ఉన్నాయి.

"ఒక కర్ర కావాలి" అన్నాడు షావుకారు. "ఒక్కటే. ఇంట్లోకి."

కొట్టులో మనిషి ఏదో రాసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"విడిగా అమ్మమండీ."